ఉడికిన ఒడిబియ్యం

11,412వ రోజు

పది రోజుల్లో పెళ్లి కాబోయే అఖిలకు ఈ పొద్దున ఒడిబియ్యం కలిపాను. పెద్ద పళ్లెంలో ఐదు సేర్లు పోసి, పసుపు చల్లి, నాలుగు చుక్కల నూనె వేసి రెండు చేతులతో కలియబెట్టాను. మోచేతుల దాకా పచ్చగా అయింది. సబ్బు పెట్టి కడిగినా గోళ్ల సందుల్లో ఇంకా ఉంది.

పేరుకే బియ్యం. మా దగ్గర పెళ్లికూతురి ఒడిలో పోసేవి వడ్లు. భూమి వదిలి ఈ నేల మీదికి మొదట వచ్చిన ఆడవాళ్లం కూర్చుని అలా మార్చుకున్నాం. వరి పండేది మా తూర్పువాడలో మాత్రమే. మిగతా ఐదు వాడల్లో మడికి సరిపడా నీళ్లు లేవు. అందుకని ఆడపిల్ల ఏ వాడకు కోడలిగా పోతే ఆ వాడకు ఒడి నిండా విత్తనం తీసుకుపోయి డబ్బాలో దాచుకోవాలనుకున్నాం. ఇక్కడ పంటకు ఏమైనా అయితే అక్కడ ప్రాణం మిగులుతుంది. ఎండుకొబ్బరి కుడుకలకు బదులు ఆలుగడ్డ పిండితో చేసిన గిన్నెలు, ఖర్జూరాలకు బదులు బెల్లం ఉండలు. ఏది మారినా వడ్లు మాత్రం మొలకెత్తేవే పోయాలని ఆ రోజు అందరం ఒక్క మాట మీద ఉన్నాం.

అఖిల విత్తన కొట్టు గుమ్మంలో నిలబడి చూస్తూ అడిగింది. "పుష్పత్తా, గివి నిజంగ మొలుస్తయా?"

"ఎందుకు మొలవయి? పో, గాజులు తొడిగిచ్చుకో పో" అన్నాను.

అవి మొలవవు. వంటింటి బస్తాలోంచి తెచ్చినవి అవి. తినే వడ్లను కోత కాగానే ఉడకబెట్టి ఆరబెడతాం. పురుగు పట్టదు, దంచితే నూక కాదు. చూడటానికి మామూలు వడ్లలాగే ఉంటాయి, రంగు కాస్త ముదురు. పసుపు కలిపితే అదీ కనిపించదు. ఎన్నాళ్లు నానబెట్టినా మొలక మాత్రం రాదు.

కొట్టు చూసుకునేదాన్నిగా నేను రోజూ రాసే దినచర్యలో ఇది రాయలేను. దాన్ని ఆరు వాడల వాళ్లూ చదువుతారు. అందుకే ఈ రాత వేరే మొదలుపెట్టాను.

మధ్యాహ్నం మూడో మడిలో ఆకుల మొదళ్లు నల్లబడి కనిపించాయి. పది దుబ్బులు పీకి కాల్చేశాను.

11,419వ రోజు

పది దుబ్బులతో పోలేదు. నల్లకాటు అన్ని మళ్లకూ పాకింది. నీళ్ల గొట్టం అన్నిటికీ ఒకటే. నిన్న కొట్టులో దాచిన విత్తనం తీసి చూస్తే దాని పొట్టు కింద కూడా నల్లటి గీతలు. వేస్తే మళ్లీ అదే తెగులు వస్తుంది.

వాడ పెద్ద బాలమణక్క అందరినీ మడి గట్ల మీదికి పిలిచింది. దీపాల కింద పైరు చూడటానికి ఇంకా పచ్చగానే ఉంది. అంతా కోసి కాల్చేయాలని ఆమె చెప్పినప్పుడు వెనక ఎవరో ఏడ్చారు. వంటింట్లో ఉన్న వడ్లు ఆరు వాడలకూ కలిపి నూట యాభై రోజులకు వస్తాయి. పంట చేతికి రావడానికి నూట పది రోజులు పడుతుంది. మడి మట్టి కాల్చి, నీళ్లు కొత్తగా శుద్ధి చేస్తే ఒక్క మడికే సరిపోతాయి. రెండోసారి వేయాలంటే ఇంకో అరవై రోజులు నీళ్లు పోగుచేయాలి. ఈ మాటలన్నీ ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. తర్వాత నవ్వింది.

"ఏడ్సుడెందుకే? మన బిడ్డల ఒడిల విత్తనమున్నది గదా! తొమ్మిది మంది బిడ్డలు, తొమ్మిది డబ్బలు. గీ దినం కోసమే గదా మనం గప్పుడు గట్ల అనుకున్నది. గదేనా పుష్పా?"

అందరూ నా వైపు తిరిగారు. కొందరు చప్పట్లు కొట్టారు.

"గదే అక్కా" అన్నాను.

సాయంత్రానికి అన్ని వాడలకూ కబురు వెళ్లింది. ఎవరి ఒడిబియ్యం వాళ్లే తెచ్చి తెరవాలి కాబట్టి తొమ్మిది మందీ డబ్బాలు పట్టుకుని పుట్టింటికి వస్తున్నారు. అఖిల పెళ్లి విత్తు అయ్యేదాకా వాయిదా వేశారు.

11,420వ రోజు

ఎలా మొదలైందో రాయాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భర్త రాజమల్లుకు కూడా. అతను మంచు సొరంగాల్లో పనిచేస్తాడు, రెండు నెలలకోసారి వస్తాడు. వచ్చిన నాలుగు రోజులూ నిద్రపోతాడు.

ఈ నేల మీద పుట్టి, ఇక్కడే పెళ్లి చేసుకుని వేరే వాడకు వెళ్లిన మొదటి పిల్ల జమున. తొమ్మిదేళ్ల కిందట. వాళ్లమ్మ నాకు ప్రాణ స్నేహితురాలు, జమునకు పన్నెండేళ్లప్పుడు పోయింది. అందుకే ఒడిలో మొదటి దోసిలి నేనే పోయాలన్నారు.

ఆ ఏడాది విత్తనం నేను సరిగా ఆరబెట్టలేదు. నలభై రోజులు రోజూ తిరగేయాలి. ఓపిక లేక మధ్యలో వారం వదిలేశాను. సగం బూజు పట్టింది. మిగిలిన సగం మళ్లకే చాలదు. అందులోంచి ఐదు సేర్లు జమున ఒడిలో పోస్తే బాలమణక్క లెక్క అడుగుతుంది, బూజు సంగతి బయటపడుతుంది. పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది. వంటింటి బస్తా విప్పాను. తర్వాత మంచివి పంపుదాంలే అనుకున్నాను.

పంపలేదు. రాతివాడలో జమున అత్తగారు డబ్బాను దేవుడి అలమారలో పెట్టి, కాగితం పూలతో రోజూ మొక్కుతోందని విన్నాను. మిగతా వాడల్లోనూ అంతే. ఎవరూ తెరవరు, ఎవరూ నాటరు. రెండో పిల్ల పెళ్లి నాటికి పంట బాగానే వచ్చింది. అయినా వంటింటి బస్తానే విప్పాను. ఎందుకు? ఒడికని విడిగా ఆరబెట్టే నలభై రోజుల పని తప్పుతుందని. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని నిన్నటి నుంచి వెతుక్కుంటున్నాను. దొరకలేదు.

తొమ్మిది మందిలో ఎనిమిది మందికి అలాగే పోశాను.

మిగిలిన ఒక్కతి నా కూతురు స్రవంతి. నాలుగేళ్ల కిందట మంచువాడకు కోడలిగా వెళ్లింది. దాని కోసం నేను కంకులు ఒక్కొక్కటీ ఏరాను. నలభై రోజులూ తిరగేశాను. గుప్పెడు మొలక కట్టి చూసుకుని మరీ ఒడిలో పోశాను.

11,431వ రోజు

ఇవాళ జమున వచ్చింది. దుమ్ములో మూడు రోజుల ప్రయాణం. లోపలి గాలి పోకుండా కట్టిన రెండు తలుపుల గదిలో దుమ్ము దులుపుకుని బయటికి వచ్చేటప్పుడు డబ్బాను పైటతో కప్పుకుని ఉంది. మనిషి చిక్కిపోయింది. "చిన్నమ్మా" అని నా భుజం మీద తల పెట్టింది.

స్రవంతి తప్ప మిగతా పిల్లలు అప్పటికే వచ్చి వంటింట్లో నవ్వుకుంటున్నారు. జమున అటు పోలేదు. నన్ను కొట్టులోకి లాక్కుపోయి తలుపు వేసింది.

"చిన్నమ్మా, ఒక్క మాట జెప్త. ఎవ్వలకు జెప్పనని మాటియ్యి."

"జెప్పు బిడ్డా."

"నావి మొలవయి."

తెలిసిపోయిందనుకున్నాను.

"పోయిన కొత్తల ఇల్లు మస్తు యాదికొస్తుండె. ఆడ పచ్చగ ఏం కనవడది గదా, అంత రాయే. నాలుగు మొలకలన్న చూద్దామని పిడికెడు తీసి గిన్నెల నానేసిన. పది దినాలు చూసిన. ఒక్కటి మొలవలే, మురిగిపోయినయి. మా అత్త చూసింది. మంచి ఒడి గాదే నీది అన్నది. గా మాట అన్న నెలకే నా కడుపు పోయింది. మల్ల రెండేండ్లకు ఇంకోటి. గిప్పుడు మా ఇంట్ల శుభకార్యమైతె నన్ను ముంగటికి రానియ్యరు."

"జమునా..."

"నువ్వు మంచియే పోసినవ్. నాకెర్కే. మా అమ్మ లెక్క పోసినవ్. నా ఒంట్లనే ఏదో ఉన్నది చిన్నమ్మా. నేను ముట్టుకుంటె సచ్చిపోయినయి. అందరి ముంగట నా డబ్బ తెరవకు. నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయింది. నేను పట్టుకుని ఆపాను. తల నిమిరాను. "గట్లేం గాదు బిడ్డా" అన్నాను.

అప్పుడే చెప్పాల్సింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిస్తే చాలు. నేను నిమురుతూనే ఉన్నాను.

11,432వ రోజు

స్రవంతి పొద్దున వచ్చింది. దాని డబ్బాలో రెండు సేర్లే ఉన్నాయి. కొత్త కోడలి ఒడి నుంచి ఇంటింటికీ చారెడు పంచితే వాడంతా చల్లగా ఉంటుందని మంచువాడ వాళ్లు ఒక కొత్త అలవాటు పెట్టుకున్నారట. ముప్పై ఆరు ఇళ్లకు పంచారు.

మొలక కట్టే పని నాదే. కాటు అంటకుండా కొట్టులోకి ఇంకెవరినీ రానివ్వం. ఒక్కో డబ్బాలోంచి వంద గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి, పేరు రాసి వరసగా పెట్టాలి. ఆరు రోజులకు విప్పి చూస్తాం.

ఎనిమిది గుడ్డలు చుట్టాను. జమునది చేతిలోకి తీసుకున్నాను. స్రవంతి డబ్బా పక్కనే ఉంది. అందులోంచి ఇంకో వంద గింజలు తీసి జమున గుడ్డలో పెట్టాను.

జమున కోసమే చేశానని రాద్దామనుకున్నాను. అది సగమే నిజం. పాతవన్నీ చచ్చి నా కూతురిదొక్కటే మొలిస్తే ఎవరైనా నా మొహం వైపు చూస్తారు. అన్నిటికంటే పాతది కూడా మొలిస్తే చూడరు.

11,438వ రోజు

అందరి ముందూ గుడ్డలు విప్పాం. బాలమణక్క ఒక్కొక్క పేరు చదివింది. ఏడు గుడ్డల్లో ఒక్క మొలకా లేదు. ఎనిమిదోది స్రవంతిది, వందకు తొంభై నాలుగు. చివరిది జమునది. తొంభై ఒకటి.

జమునకు మొదట అర్థం కాలేదు. గుడ్డ దగ్గరికి వెళ్లి కూర్చుని వేలితో ఒక మొలకను తాకింది. తర్వాత ఏడవడం మొదలుపెట్టింది. అక్కడి నుంచే రేడియోలో రాతివాడకు మాట్లాడింది. "అత్తా, నా ఒడి మొలిచిందత్తా! తొంబై ఒకటత్తా!" అని అరిచింది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకూ కళ్లనీళ్లు వచ్చాయి. కాసేపు నేను మంచి పనే చేశానని నమ్మాను.

ఆ నమ్మకం సాయంత్రం దాకా కూడా లేదు. ఏళ్లు గడిచి విత్తనం చచ్చిందని సర్దిచెప్పుకోవడానికి లేకుండా పోయింది, ఎందుకంటే అన్నిటికంటే పాతదే మొలిచింది. వంటింట్లో ఒకావిడ అననే అన్నది: "తొమ్మిదేండ్లది మొలిచి రెండేండ్లది మొలవలేదంటె డబ్బ తప్పు గాదు, ఒడి తప్పు." ఆ ఏడుగురు పిల్లలూ అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నారు. అందులో ఒకతె ఆరు నెలల గర్భిణి. చేతిలోని ముద్ద నోటి దాకా తీసుకుపోయి మళ్లీ కంచంలో పెట్టేసింది.

బాలమణక్క నిర్ణయం ఇది. జమున డబ్బా దాదాపు నిండుగా ఉంది కాబట్టి శుద్ధి చేసిన మడిలో అవే వేస్తారు. స్రవంతి రెండు సేర్లు దాచిపెడతారు. నాలుగు రోజుల తర్వాత విత్తు. మొదటి గుప్పెడు జమున చల్లాలి.

11,441వ రోజు

రేపు విత్తు. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక కొట్టు తలుపు వేసుకుని రెండు డబ్బాలూ ముందు పెట్టుకున్నాను. జమున డబ్బాలోంచి రెండు సేర్లు తీసి, స్రవంతివి అందులో పోసి కలపాలి. స్రవంతి డబ్బాలో ఉడికినవి పోయాలి. మడిలో సగానికి తక్కువ మొలుస్తుంది. పాతవి కదా, అక్కడక్కడా పోయాయని చెప్పొచ్చు. సగం మడితో ఆరు వాడల్లోని పదకొండు వందల మంది ఎలా బతుకుతారన్నది ఆలోచించకుండా ఉండటానికి గబగబా పని చేస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. స్రవంతి నాకు అన్నం కంచం తెచ్చింది.

"అమ్మా, నా డబ్బల గింజలు జమునక్క డబ్బల ఎందుకు పోస్తున్నవ్?"

అది కంచం కింద పెట్టి, జమున డబ్బాలోంచి తీసిన కుప్ప దగ్గర కూర్చుంది. ఒక గింజ పొట్టు ఒలిచి పంటి కింద పెట్టింది. కొట్టులోనే పెరిగిన పిల్ల. పచ్చి గింజ కొరికితే పిండిలా తెల్లగా విరుగుతుంది. ఉడికింది గాజులా గట్టిగా ఉంటుంది. ఇంకోటి కొరికింది. ఇంకోటి.

"ఇవి ఉడికినయి."

నేను కుప్పను చేత్తో దగ్గరికి లాక్కోబోయాను.

"మిగిలినోళ్లయి గూడనా?"

తలూపాను.

"నాకొక్కదానికే మంచియి పోసినవా?"

"నీకు పోసేటప్పుడు చేతులు రాలేదు బిడ్డా."

"ఆళ్లకు పోసేటప్పుడు వచ్చినయా?"

జమున మొహం చూశావు కదా, ఇన్నేళ్లకు నవ్వింది, అది మళ్లీ ఎట్లా లాక్కుంటాం అన్నాను.

"జమునక్క నవ్వింది. మల్ల గా ఏడుగురో? గా కడుపుతోని ఉన్నామె మూడు దినాల సంది సక్కగ తింటలేదు, నువ్వు చూస్తలేవా? రేపు మడి మొలవకపోతె గా మాట గూడ జమునక్క మీదనే పడ్తది. చేసింది నువ్వు, మోసేది ఆళ్లు."

లేచి నిలబడింది.

"నువ్వు జెప్తవా, నన్ను జెప్పుమంటవా?"

11,442వ రోజు

నేనే చెప్పాను.

పెద్ద గదిలో జమునను పీట మీద కూర్చోబెట్టి ఆడవాళ్లు పాదాలకు పారాణి పెడుతున్నారు. ఒకావిడ జడలో కాగితం పూలు గుచ్చుతోంది. బాలమణక్క అక్కడే ఉంది. జమునతో ఒక్కదానితో మాట్లాడాలన్నాను. ఆమె నవ్వుతూ, "ఈడనే జెప్పు చిన్నమ్మా, అందరు మనోళ్లే గదా" అన్నది.

అక్కడే చెప్పాను. నిలబడే చెప్పాను. బూజు పట్టిన విత్తనం దగ్గర మొదలుపెట్టి, గుడ్డ మార్చడం, నిన్న డబ్బాలు మార్చబోవడం వరకు. స్రవంతికి మంచివి పోసిన సంగతి చెప్పేటప్పుడు ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పూలు గుచ్చుతున్నావిడ చేతులు ఆగిపోయాయి.

జమున ఏడవలేదు.

"గప్పుడు నేను గిన్నెల నానేసినయి గూడ ఉడికినయేనా?"

"ఆ."

"అయితె నేను ముట్టుకుంటె సావలేదు."

"లేదు బిడ్డా."

"నాకు ఇచ్చేటప్పటికే సచ్చి ఉన్నయి."

"ఆ."

ఆమె పాదాలు వెనక్కి తీసుకుంది. పైట కొంగు తడిపి పారాణి తుడవడం మొదలుపెట్టింది. అది అంత తొందరగా పోదు. తుడుస్తూనే అడిగింది.

"మొన్న కొట్టుల నా తల నిమిరినవ్. గప్పుడు గూడ నీకు ఎర్కేనా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. మిగతా వాటన్నిటికీ ఎలాగో సిద్ధపడి వచ్చాను.

"ఎర్కే" అన్నాను.

జమున తల ఎత్తలేదు. "మా అత్తకు నువ్వే వచ్చి జెప్పాలె. నేను జెప్తె నమ్మది" అని మాత్రం అన్నది.

బాలమణక్క చెయ్యి చాపింది. కొట్టు తాళంచెవి ఇచ్చేశాను. "నిన్ను తిట్టాల్నంటె గూడ ఓపిక కావాలె పుష్పా, గది నాకు లేదు" అని పిల్లలందరినీ పిలవడానికి వెళ్లింది. ఏడుగురికీ నేను మళ్లీ చెప్పాను. ఆరు నెలల గర్భిణి అయిన పిల్ల నా మొహం మీద ఉమ్ముతుందనుకున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లి అన్నం పెట్టించుకుని తిన్నది.

11,447వ రోజు

మడి సగం నిండేంత విత్తనమే ఉందని స్రవంతి మంచువాడకు కబురు పంపింది. ముప్పై ఆరు ఇళ్లకు పంచిన చారెళ్లు దేవుడి గూళ్లలోంచి, పిల్లల తొట్లకు కట్టిన మూటల్లోంచి తీశారు. ఒకావిడ ఇవ్వనన్నదట. మిగతావాళ్లు ఇచ్చారు. స్రవంతి రెండు సేర్లకు ఇంకో రెండున్నర సేర్లు కలిశాయి. ఇవాళ విత్తారు. మొదటి గుప్పెడు ఎవరు చల్లాలన్న మాట వచ్చినప్పుడు, తొమ్మిది మందీ కలిసి చల్లాలన్నది బాలమణక్క. ఎనిమిది మందే మడిలోకి దిగారు. జమున గట్టు మీద నిలబడింది.

నేను మడిలోకి రాకూడదు. అద్దం తలుపు అవతల నుంచి చూశాను.

అఖిల పెళ్లి ఆగింది. పెళ్లికొడుకు వాళ్లు పర్వాలేదన్నారు, ఖాళీ ఒడితో అయినా రమ్మన్నారు. పిల్లే ఒప్పుకోలేదు. పంట కోశాక తన ఒడిబియ్యం తనే ఏరుకుంటానని, తనే మొలక కట్టి చూసుకుంటానని చెప్పింది. కొట్టులో స్రవంతి దగ్గర పని నేర్చుకుంటోంది. నేను కనిపిస్తే పక్కకు తిరుగుతుంది.

11,458వ రోజు

మొలకలు నాలుగు వేళ్లంత పెరిగాయని స్రవంతి రేడియోలో చెప్పింది. అది నాతో మాట్లాడటం అంతవరకే.

నిన్న జమునతో రాతివాడ చేరాను. మూడు రోజులూ బండిలో ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి, తన పెళ్లిలో వాళ్లమ్మ కూర్చోవాల్సిన పీట మీద నన్ను కూర్చోబెట్టి ఒడి పోయించారు కదా అని అడిగింది. అవునన్నాను. మళ్లీ ముందుకు తిరిగింది.

వాళ్లిల్లు చిన్నది, రాతిలో తొలిచింది. దేవుడి అలమారలో డబ్బా పెట్టే చోటు ఖాళీగా ఉంది, చుట్టూ వెలిసిన కాగితం పూలు ఉన్నాయి. జమున అత్తగారు గంగవ్వకు డెబ్భై ఏళ్లుంటాయి. నేను చెప్పిందంతా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నది. రెండుసార్లు ఆపి, "ఉడకబెట్టినయా? వడ్లా?" అని అడిగింది.

"వడ్లు నువ్వు ఉడకబెట్టినవ్" అన్నది చివరికి. "మాట మాత్రం నేనే అన్న."

జమున పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. గంగవ్వ ఆమెను పిలిచింది. పలకలేదు. ముసలావిడ గోడ పట్టుకుని లేచి వెళ్లి, కోడలి వెనక నిలబడి వీపు మీద చెయ్యి వేసింది. జమున ఆ చెయ్యి తీసేయలేదు. తిరిగి చూడనూ లేదు. నేను అక్కడ ఉండకూడదనిపించింది. కానీ చెప్పకుండా వెళ్లడానికి కూడా నాకు హక్కు లేదనిపించి కూర్చున్నాను.

ఇవాళ పొద్దున బయల్దేరేటప్పుడు గంగవ్వ అలవాటు కొద్దీ కుంకుమ బరిణె తెచ్చింది. ఇంటికి వచ్చిన ముత్తైదువ బొట్టు లేకుండా గడప దాటకూడదు. జమున ఎదురొచ్చి అత్తగారి చేతిలోంచి బరిణె తీసుకుంది. నేను తల వంచాను. అరక్షణం నాకు పెడుతుందనే అనుకున్నాను.

ఆమె దాన్ని తీసుకుపోయి అలమారలో పెట్టి, తలుపు వేసింది.

నేను వంగి బూట్లు తొడుక్కున్నాను. బొట్టు లేని నుదురుతోనే రెండు తలుపుల గది దాటి బండెక్కాను. చెప్పాల్సిన అత్తగారిళ్లు ఇంకా ఏడు ఉన్నాయి. ఎల్లుండికి కొత్తవాడ చేరాలి.